ఆర్లీ రివాల్వర్‌కి నాలుగు గొట్టాలు

సెప్టెంబర్ 14
షుగర్ 171. ఈ పుస్తకం షుగర్ రాసుకోమని నర్సు ఇచ్చింది. వేరేవి రాయకూడదని చెప్పలేదు.

గనిలో నాతో పనిచేసిన ఆర్లీ తన వేటకుక్కలు రెండింటినీ మా తమ్ముడికి ఇచ్చేశాడు. ఊరికే. వేట ఇంకో నెలలో మొదలవుతుంది. మా కెంటకీ కొండల్లో మగాడు ట్రక్కు అమ్ముకుంటాడు గాని వేటకు ముందు కుక్కల్ని ఇవ్వడు. తమ్ముడు వాటిని తీసుకొచ్చి, వీటికేదైనా జబ్బుందేమో చూడు అన్నాడు. జబ్బు కుక్కలకు కాదు. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

సెప్టెంబర్ 15
మా ఆవిడ ఇమొజీన్ వేళ్ళమీద లెక్కపెట్టింది. ఏప్రిల్‌లో ఆర్లీ పెళ్ళాం ఓలీటా చనిపోయింది. జూలైలో షాట్‌గన్ మేనల్లుడికిచ్చాడు. ఆగస్టులో రైఫిల్ అమ్మేశాడు. ఇప్పుడు కుక్కలు. ఇంట్లో ఇంకేం మిగిలింది అంది.

రివాల్వర్. చిన్న తూటాలు పేల్చే పాయింట్ ఇరవై రెండు రకం. గొట్టాలు మార్చుకునే రకం. దానికి మొత్తం నాలుగు గొట్టాలు, ఎనిమిది అంగుళాలది నుంచి రెండున్నర అంగుళాలదాకా. ఏది కావాలంటే అది బిగించుకోవచ్చు.

వెళ్ళి సూటిగా అడుగు అంది ఇమొజీన్. ఏమని? ముప్ఫై ఏళ్ళు గనిలో వాడి పక్కన పనిచేశాను. వాడి టిఫిన్ డబ్బాని బెంచీకి మేకులేసి కొట్టాను. బూటులో కప్పని పెట్టాను. సూటిగా మాట్లాడింది ఒక్కసారీ లేదు.

సెప్టెంబర్ 17
కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేసి ఆర్లీ సంగతి చెప్పాను. చచ్చిపోతానని ఏమైనా అన్నాడా అని అడిగిందా అమ్మాయి. లేదు, కుక్కల్నిచ్చాడు అన్నాను. కుక్కల్నివ్వడం నేరం కాదండీ అంది.

సెప్టెంబర్ 18
రివాల్వర్ కొనడానికి వెళ్ళాను. ఆర్లీ పోర్చ్ మీద కూచుని ఉన్నాడు. గడ్డం గీసుకుని పది రోజులై ఉంటుంది. ఏరా, ఓలీటా లేదని ఎలుగుబంటిని తెచ్చుకున్నావనుకున్నా, నువ్వేనా అన్నాను. నవ్వలేదు. నీ మొహానికి ఎలుగుబంటి కూడా రాదురా హోబర్ట్ అన్నాడు. సరే, అంతమాత్రం చాలు.

రివాల్వర్ అమ్ముతావా, రెండొందలిస్తా అన్నాను. నువ్వు గురిచూసి కొట్టేది ఖాళీ డబ్బాలే కదరా, వాటికి నీ నోరు చాలు అన్నాడు. కాని మా దగ్గర బేరానికొచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపరు. పెద్దది ఇవ్వలేకపోతే బదులుగా చిన్నదేదైనా ఇస్తానని చెప్పాలి. ఎనిమిదంగుళాల గొట్టం ఇస్తా, తీసుకో అన్నాడు. నా చెయిన్ రంపం ఇచ్చాను. గొట్టాలు విప్పే రెంచి కూడా కొసరుగా పడేశాడు.

దార్లో నాలో నేనే నవ్వుకున్నాను. ఒక్కో గొట్టం లాగేస్తా. నాలుగోది వచ్చేసరికి వాడిచేతిలో వట్టి పిడి మిగులుతుంది.

సెప్టెంబర్ 26
ఆరంగుళాలది. రెండు డబ్బాల తేనెకి.

అక్టోబర్ 4
షుగర్ 204. నాలుగంగుళాలది కూడా వచ్చింది. నా మంచి చాకు పోయింది. దానికి ఏడవను. ఆర్లీ చాకుని తెరిచి చూడను కూడా చూడలేదు. జేబులో వేసుకున్నాడంతే. ముప్ఫై ఏళ్ళుగా ఆ చాకు కోసం నా ప్రాణం తీసినవాడు.

మూడింటినీ వంటింటి బల్లమీద పరిచి ఇమొజీన్‌కి చూపించాను. ఇదిగో రెంచి, ఇక వాడు నన్నడక్కుండా ఏమీ చెయ్యలేడు అన్నాను. బంగాళాదుంపలు తొక్క తీస్తూనే అడిగింది. ఇప్పుడు తుపాకీకి ఏది బిగించి ఉంది?

రెండున్నర అంగుళాలది. మొదటినుంచీ అదే ఉంది. రెంచి నా దగ్గరుంది. అంటే అది ఊడే దారి లేకుండా చేసింది నేనే. మూడు గొట్టాలు కొని, తుపాకీ పేలడానికి చాలిన ఒక్కదాన్ని వాడి ఇంట్లో గట్టిగా ఉంచి వచ్చాను. నీ తెలివి తెల్లారినట్టే ఉంది అంది ఇమొజీన్.

అక్టోబర్ 5
వెళ్ళాను. అది అమ్మను అన్నాడు. ఓలీటాది అన్నాడు. చిక్కుడు పాదుల్లో పాములొస్తాయని ఆ పొట్టి గొట్టం బిగించిన తుపాకీని ఆమె ఏప్రన్ జేబులో పెట్టుకునేది. మూడొందలన్నాను. నాలుగొందలన్నాను. నా ట్రక్కు అన్నాను. నీ ట్రక్కు తోస్తేగాని కదలదు కదరా అని లోపలికెళ్ళిపోయాడు. బేరంలో చిన్నదేదీ చెప్పలేదు.

అక్టోబర్ 6
నిద్ర లేదు.

అక్టోబర్ 9, మధ్యాహ్నం మూడు


పొద్దున రెంచి, గేజ్ రేకు పట్టుకుని వెళ్ళాను. ఈ రకానికి గొట్టం బిగించినప్పుడు సిలిండర్‌కీ దానికీ మధ్య ఆ పల్చటి రేకు పట్టేంత సందు ఉండాలి. ఎక్కువైతే పక్కకి సీసం చిమ్ముతుంది. నీది ఎప్పుడు చూశావురా, పాముని కొట్టబోయి నీ వేలే కాల్చుకుంటావు అన్నాను. పనితనం మాట కదా. ఆర్లీ ఆగలేకపోయాడు. రివాల్వర్ తెచ్చి, తూటాలు తీసి, నా చేతికిచ్చాడు.

పోర్చ్ మీదే విప్పాను. నట్టు, పైతొడుగు, గొట్టం. గొట్టాన్ని చొక్కా జేబులో వేసుకుని, మిగతాది వాడి ఒళ్ళో పెట్టి లేచాను.

ఆర్లీ నవ్వాడు. ఏప్రిల్ తర్వాత మొదటిసారి. ముసలి దొంగా, కప్ప అయిపోయింది, ఇప్పుడిది మొదలెట్టావా అన్నాడు. పళ్ళు కనపడేట్టు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడి నవ్వు మెల్లగా ఆగడం చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఇటివ్వు అన్నాడు.

ఇవ్వను అన్నాను.

అది ఓలీటాది.

తెలుసు. నువ్వు చచ్చిపోతావని భయంగా ఉందిరా అన్నాను.

అయితే అడగాల్సింది అన్నాడు. అడిగితే చెప్పేవాడివా అన్నాను. లేదు అన్నాడు. తర్వాత మెల్లగా, నీ ఆటలన్నిటికీ నవ్వాను, దీనికి మటుకు నవ్వను, ఇక నా గడప తొక్కకు అన్నాడు.

పాత గని గుంతలో నీళ్ళు నిండి ఉన్నాయి. గొట్టాన్ని అందులోకి విసిరాను. ఎంత చిన్నదంటే చప్పుడు కూడా సరిగ్గా రాలేదు. ఓలీటా వేలిముద్రలు ఉన్న వస్తువది. ఇమొజీన్‌తో చెప్పాను. కోటు వేసుకుని ఆర్లీ ఇంటికెళ్ళింది.

అక్టోబర్ 9, రాత్రి
ఇమొజీన్ అడిగిందట. అతని వంటింట్లో కూచుని, సూటిగా. చచ్చిపోవాలని ప్రతి పొద్దునా అనిపిస్తుంది అన్నాడట. తర్వాత ఏడ్చాడట. ఒక గంటపాటు. ఆమెకి పట్టింది ఒక్క ప్రశ్న. నాకు నెల పట్టింది, చాకు పోయింది, స్నేహితుడు పోయాడు.

అక్టోబర్ 21
మంగళవారాలు ఇమొజీన్ అతన్ని టౌన్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది. నేను ఇంట్లో ఉంటున్నాను. నా గురించి ఏమైనా అన్నాడా అని అడిగాను. వాతావరణం గురించి మాట్లాడాడు అంది.

నవంబర్ 8
చర్చిలో వెనక బెంచీలో కూచున్నాడు. సన్నబడ్డాడు. గడ్డం గీసుకున్నాడు. ఎలుగుబంటి పారిపోయిందా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

నవంబర్ 19
షుగర్ 160.

డిసెంబర్ 2
వంతెన దగ్గర ఆర్లీ ట్రక్కు ఎదురొచ్చింది. ఇక్కడ ఎదురొచ్చిన ఏ బండికైనా స్టీరింగ్ మీదినుంచి పలకరింపుగా ఒక వేలెత్తుతారు. కోర్టుకీడ్చినవాడికైనా ఎత్తుతారు. నేనెత్తాను. వాడెత్తలేదు.

వాడి రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. చూశాను.