పెంటయ్య తల్లి పేరు
12-6-1974, బుధవారం
కుండల్‌వాడి

ఈ రోజు బిలోలి కచేరీలో మా కొడుకు పెంటయ్య పుట్టుక దాఖలా నకలు ఇచ్చారు. తల్లి పేరు దగ్గర నా భార్య లక్ష్మి లేదు, పక్కింటి సాయవ్వ ఉంది. అట్లా రాయించింది నేనే. ముందు ఇద్దరు పిల్లలు పోయారు. వీడైనా దక్కాలని పుట్టిననాడే పెంట మీద పడుకోబెట్టి, సాయవ్వ చేత ఎత్తించి, చేటెడు తవుడిచ్చి కొనుక్కున్నాం. ఊళ్లో పుట్టుకలు రాసుకునే పటేల్ వచ్చి అడిగితే, వీడూ పోతాడేమోనన్న భయంతో ఆమె పేరే చెప్పాను.

బడి కాగితాల్లో మాత్రం పంతులు మమ్మల్ని అడగకుండానే లక్ష్మి పేరు రాశాడు. సోమవారంలోగా రెండూ కలవకపోతే నాందేడులో వాడికొచ్చిన సర్కారు నౌకరీ పోతుంది.

"ఏంది సావుకార్, పోరనికి తల్లులెందరు?" అని గుమాస్తా నవ్వాడు. "సాయవ్వనే తోల్కరా. వీడు నా కొడుకు కాదని ఆమెనే చెప్పాలె."

ఆమె పోయి తొమ్మిదేళ్లయిందన్నాను.

"అయితే సచ్చిన దాఖలా తే."

ఆమె చావును ఎవరూ రాయించలేదు.

ఇంటికొచ్చి చెబితే లక్ష్మి ఒక్కసారిగా లేచింది. "దిద్దియ్యకుండ్రి. ఆ పేరు మీదనే పోరడు బతికిండు. ఇప్పుడు నా పేరు రాపిచ్చి యమునికి ఇల్లు సూపియ్యాల్నా?"

"నౌకరి పోతే నేనేం జెయ్యాలె బాపూ?" అన్నాడు పెంటయ్య.

లక్ష్మికున్న భయమే నాకూ లోపల ఉందని వాడికి ఎట్లా చెప్పను...