పొగమంచులో రెండో అడుగు

అక్కా,

నేను ఇక్కడ శిక్షణ క్యాంపులో కులాసా. నా చేత వారానికి నూట ఇరవై కిలోమీటర్లు పరిగెత్తిస్తున్నారని అమ్మ కంగారు పడుతోందట. పదిహేనువందల మీటర్ల పందెంవాళ్ళకి అది మామూలేననీ, చాలావరకు నెమ్మది పరుగేననీ చెప్పు. ఇక కింది సంగతి అమ్మకి చదివి వినిపించకు.

ఆదివారం పొద్దున పొగమంచులో దూరపు పరుగుకి ఒక్కదాన్నే వెళ్ళాను. సగం దారిలో కుడిపక్కన ఇంకొకరి అడుగులు వినిపించాయి. ఎడమకాలు కాస్త ఈడ్చే అడుగు. నీ మోకాలి ఆపరేషన్‌కి ముందు నువ్వు నాతో పరిగెత్తేటప్పుడు వినిపించేదే. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేను ఆగితే అదీ ఆగింది. పరుగు చివర్లో జీపు దగ్గర నాకోసం కాచుకున్న కోచ్‌గారు, "నీ పక్కన వచ్చిన అమ్మాయి ఏదమ్మా? నీకంటే తేలిగ్గా పరిగెత్తిందే!" అన్నారు.

ఆ పొద్దున నువ్వు మంచం మీదే ఉన్నావా? కలేమైనా వచ్చిందా? వెంటనే జవాబు రాయి, నీ చేత్తోనే రాయి. కట్టు విప్పారా? నీళ్ళ మోటారు బాగుచేయించారా? నీ బూట్లు ఎవరికీ ఇచ్చెయ్యకండి.

రేపు మళ్ళీ అదే రోడ్డు. భయంగానే ఉంది. అయినా కుడిపక్క నీకు వదిలి, ఎడమ అంచునే పరిగెడతాను.

అమ్మానాన్నలకి నమస్కారాలు.

ఎప్పుడూ నీ వెనకే ఉండే
తోక