రెండో టిక్కు

జూన్ 3

ఇవాళ్టి నుంచి నాకు ఉద్యోగం. కర్రలతో నడవడమే పని. ఏడో ఏట నుంచి, అంటే ముప్పై ఒక్క ఏళ్లుగా ఊరికే చేస్తున్న పనికి ఇప్పుడు జీతమట. ఈ కంపెనీవాళ్లు కొత్తరకం మోచేతి కర్ర తయారు చేస్తున్నారు. నేను నాలుగు వారాలు వాడి, బాగుందో లేదో రాసి, ఫారం మీద సంతకం పెట్టాలి.

డిజైనరు చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ఉంటుంది. ఈ డైరీలో వాడి పేరు పెన్సిలే. నా జర్నీ చాలా ఇన్‌స్పైరింగ్‌గా ఉందన్నాడు. బస్టాపు నుంచి ఆఫీసుకి రెండు వందల గజాలు. దానికి జర్నీ ఏమిటి?

జూన్ 5

కర్ర తేలిక. పిడి అరచేతిలో చక్కగా ఇమిడింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే ఇంకో గంట మాట్లాడతాడు.

జూన్ 9

పరీక్షకి ఇంకో మనిషిని తెచ్చారు. రిటైరైన లెక్కల మాష్టారు. నాలుగు నెలల కిందట మోటారుసైకిలు గుద్ది తొడ ఎముక విరిగిందట. తొంభై కిలోల మనిషి. చంకకర్రల మీద తడిబట్టలా వేలాడుతూ వచ్చారు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. ఎక్కవా మరి? బరువంతా చంకల మీద వేస్తే నరాలు నలుగుతాయి. అరచేతుల మీద వేయాలి. నాలుగు నెలల్లో ఒక్కరూ చెప్పలేదట. నేను చెబితే నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. రాసుకుంటే నడక వస్తుందా?

జూన్ 12

మోచేతి కర్రలతో మెట్లు నేర్పాను. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు కర్రలు, వాటితోపాటు దెబ్బకాలు. ఎనిమిదిసార్లు చెప్పించుకున్నారు. ఆయన మూడు మెట్లు దిగేసరికి ఆయన భార్య చప్పట్లు కొట్టింది. చిన్నప్పుడు నేను నడుస్తుంటే మా మేనత్తలు ఇలాగే కొట్టేవాళ్లు. అప్పటినుంచీ చప్పట్లంటే ఒళ్లుమంట.

జూన్ 18

కర్ర పొడవు మార్చడానికి లోపలి గొట్టానికి ఒక స్ప్రింగ్ బటన్, బయటి గొట్టానికి వరసగా రంధ్రాలు ఉంటాయి. బటన్ రంధ్రంలోంచి బయటికి వచ్చినప్పుడు టిక్కుమంటుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మాష్టారికి దీని మీద కూడా అనుమానమే.

"అమ్మాయీ, ఎత్తు సరిచేసుకునేటప్పుడు వచ్చే టిక్కు సరే. బరువు వేసినప్పుడు ఇంకోటి వినిపిస్తోందమ్మా. ఆ రెండోది ఎందుకు?"

నా కర్రలో రెండోది లేదు.

"మీరు దానిమీద కూలబడుతున్నారు మాష్టారూ. లోపం కర్రలో లేదు, మీ నడకలో ఉంది."

ఆయన ఇంకేదో అనబోయారు. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను.

జూన్ 24

మళ్లీ టిక్కు. నాలుగు నెలల కుంటికి ఎన్ని ఫిర్యాదులో.

జూన్ 30

సంతకం పెట్టేశాను. మాష్టారి ఫిర్యాదు పక్కన నా అభిప్రాయం అడిగారు. 'కర్ర సమస్య కాదు, నడక సమస్య. అనుభవం లేదు' అని రాశాను. పెన్సిల్ ముఖం వెలిగిపోయింది. మాష్టారికి ఒక జత ఇంటికిచ్చి పంపారు.

జూలై 4, ఉదయం 11

మాష్టారు పడిపోయారు. ఇంటి గుమ్మం దాటుతుండగా కుడిచేతి కర్ర ఉన్నట్టుండి పొట్టిదైపోయిందట. అదే ఎముక మళ్లీ విరిగింది. ఆయన భార్య ఫోన్ చేసింది. తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు బాగుందన్నావుగా అమ్మా, అందుకే వాడాం" అని పెట్టేసింది.

జూలై 4, సాయంత్రం 5

వాళ్లింటికి వెళ్లి కర్ర తెచ్చుకున్నాను. టేబుల్ మీద పెట్టుకుని చూస్తున్నాను. రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగింది. అడుగేసినప్పుడల్లా బటన్ కొంచెం కొంచెం లోపలికి జారింది. అదీ రెండో టిక్కు. ఆయన సరిగ్గానే విన్నారు.

నా బరువు నలభై రెండు కిలోలు. నన్ను మోస్తే ఈ గొట్టం వందేళ్లయినా సాగదు. ముప్పై ఒక్క ఏళ్ల అనుభవమని విర్రవీగాను.

జూలై 6

మీటింగ్. పెన్సిల్ లేచి, ఇది యూజర్ ఎర్రర్ అన్నాడు. సాక్ష్యం కావాలిగా, ఫారం తీసి నా వాక్యమే చదివాడు. నా పొగరు వాడి నోట్లోంచి వినిపిస్తే ఎంత నీచంగా ఉందో.

ఇంకా వాడని జత ఒకటి అడిగి తెప్పించాను.

"మీ బరువెంతండీ?"

ఎనభై ఎనిమిదన్నాడు.

"అయితే వరండాలో ఒక కాలు ఎత్తిపట్టి నడవండి. నేను ఆపమనేదాకా."

నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి లేచాడు. ఆరో చుట్టులో టిక్కుమంది. వినబడిందా అని అడిగాను. వినబడలేదన్నాడు. తొమ్మిదో చుట్టులో బటన్ లోపలికి పోయింది. వాడు మోకాళ్ల మీద పడ్డాడు. పెన్సిల్ ఎగిరి గోడవారకి దొర్లింది.

మోకాళ్లు గీరుకున్నాయి, అంతే. లేచి నిలబడటానికి వాడికి రెండు కాళ్లున్నాయి.

ఫారం తీసుకుని నా పాత సంతకం మీద అడ్డగీత గీశాను. కింద రాశాను: మాష్టారు రెండుసార్లు చెప్పారు, నేను వినలేదు. కర్రల విడుదల ఆగింది. రేపటినుంచి రానక్కర్లేదని నాతో చెప్పారు.

జూలై 8

ఆస్పత్రి. మాష్టారికి అంతా చెప్పేశాను. ఆయన తిడతారని సిద్ధపడి వెళ్లాను.

"ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పానమ్మా. విననివాళ్లని గుర్తుపట్టలేనా? నువ్వు వినట్లేదని తెలుసు. తెలిసీ ఆ కర్ర వాడాను చూడు, అది నా తెలివి."

పక్క బెడ్డు మనిషి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన భార్య నా వైపు చూడనే లేదు. ఆమె చేసిందే సరైన పని.

సెప్టెంబర్ 21

ఇవాళ మాష్టారు వాళ్లింట్లో, వేరే కంపెనీ మోచేతి కర్రలతో పదకొండు అడుగులు వేశారు. నేను ఆయన ముందు నేలమీద కూర్చుని, బటన్ల మీద చెవి పెట్టి వెనక్కి జరుగుతూ పోయాను. గది చివరికి వచ్చాక చూసుకున్నాను. నా కర్రలు ఎక్కడ వదిలేశానో గుర్తులేదు.