గుండె బొమ్మలో తప్పు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అమ్మ నీ ఫొటోకి దండ వేస్తుంటే నేను కాలేజీకి వెళ్ళిపోయాను. ఇంటర్ సెకండియర్ కదా, జువాలజీ రికార్డు చూపించాల్సింది ఇవాళే.

సీనియర్ల రికార్డు చూసి బొమ్మలు వేయడం మన కాలేజీలో అందరూ చేసేదే. నేను నీది చూసి వేశాను. గుండె బొమ్మ దగ్గర సార్ పెన్ను ఆగింది.

"ఏందమ్మా, లెఫ్ట్ వెంట్రికిల్ గిటు రాసినవ్? బొమ్మల గుండె మన దిక్కు చూస్తది. దాని ఎడమ మనకు కుడి. ఎవరిది చూసి వేసినవ్?"

"అక్కది సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. నీ పేజీ కింద ఎర్ర ఇంకు సంతకం ఆయనదే. "అప్పుడు నేను సుత చూస్కోలే," అన్నారు.

సీతాఫల్‌మండిలో మన ఇంటి దాకా నడిచే వచ్చాను. అమ్మకి చెబితే, "అక్కది సుత జెర దిద్దు బిడ్డా. కింది పోర్షన్‌ల కొత్తగ వచ్చిన శ్రావణి బైపీసీల చేరింది, రికార్డు అడుగుతుంది," అంది.

నాది దిద్దాను. నీది తెరిచి రబ్బరు పట్టుకుని కూర్చున్నాను. నువ్వు పెన్సిల్ గట్టిగా నొక్కి రాసేదానివి, అక్షరాలు వెనక పేజీలో తేలాయి. ఇక నువ్వు కొత్తగా ఒక్క అక్షరమూ రాయవు. ఉన్నవి నేనెలా చెరపను?

ఇంతలో శ్రావణి వచ్చింది. రికార్డు లేదన్నాను.

"మరి మీరు ఎవరిది చూసి వేసిన్రు, అక్కా?" అంది.

ఆ పిలుపు చెవిన పడగానే తలుపు వేసేశాను.