ఎవరికీ అక్కర్లేని కోబాల్

మేనేజర్ గారికి,

జీతం పెంచమని అడిగితే, "ఆ పాతకాలం కంప్యూటర్ భాష కోబాల్ ఇప్పుడెవరిక్కావాలమ్మా? పెంపంతా జావా రాసేవాళ్లకే" అన్నారు. సరే, నేనూ జావా నేర్చుకుంటాను, నెల సెలవివ్వండి అంటే, "అమ్మో, నువ్వు కదలకు! మన జీతాల ప్రోగ్రాం నీకు తప్ప ఎవరికీ అంతుపట్టదు" అన్నారు.

నా పక్క వరుసలోని జావా వాళ్లకు పెరిగిన జీతాలన్నీ నిన్న నేనే, ఆ కోబాల్‌లోనే ఎక్కించాను.

మీరన్న రెండు మాటల్లో ఏది నిజమో తేల్చండి. మొదటిదైతే సెలవివ్వండి, రెండోదైతే జీతం పెంచండి.

అన్నట్టు, మీ జీతం పెంపు కాగితం కూడా నా బల్ల మీదికొచ్చింది. దాన్నీ ఆ ఎవరికీ అక్కర్లేని భాషలోనే ఎక్కించాలి. మీ జవాబు కోసం అదీ నేనూ ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
మీరు కదలొద్దన్న ఉద్యోగిని