గిన్నెల స్టాండు మీద చెయ్యి

గోదావరిఖని,
ఆదివారం.

బాపుకు మీ చిన్నబిడ్డ దండాలు.

ఈ పొద్దున కిటికీ గట్టు మీద బొగ్గు దుమ్ములో పిచ్చుక నడిచిన గుర్తులు కనిపించాయి. లోపలి వైపు నాలుగడుగులు వేసి, ఏమనుకుందో, తిరిగి బయటికే పోయింది. తుడవబుద్ధి కాలేదు. ఆ జానెడు జాగా వదిలి మిగతాదంతా తుడిచాను. దీన్నిబట్టి మేము బాగానే ఉన్నామని మీరు అనుకోవచ్చు. కిషనన్న బాగున్నాడు, నేను బాగున్నాను. అక్కడ మీరూ రమక్కా బావా పిల్లలూ బాగున్నారని, భివండి వానలకు మీ మోకాళ్లు మరీ సతాయించడం లేదని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం గురువారం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. "మీరు, గీరు అని రాస్తవేందే, నేనేమన్న మేనేజర్‌నా" అని కోప్పడ్డారు. పెద్దవాళ్లకు ఉత్తరం రాస్తే మీరు అనే రాయాలని బడిలో సిస్టర్ నేర్పింది. నోటితో నువ్వు అనేదాన్నే కానీ, కలం పట్టుకుంటే ఆమె వెనకాల నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ఓర్చుకోండి. ఫోన్లో నా గొంతు మీకు గాలి లెక్క వినపడుతుంది. మీ చెవులకూ నా నోటికీ ఈ కాగితమే నయం.

అన్నకు ఈ వారం రాత్రి డ్యూటీ. బొగ్గుబాయి పనిలో చేరి ఆరు నెలలైనా ఇంకా పగటి నిద్ర అలవాటు కాలేదు. లోపలి అర్రలో, మీ మంచం మీదనే పడుకుంటున్నాడు. బాయి నుంచి మీరు తెచ్చిన పాత రబ్బరు బెల్టు ముక్కలు ఇంకా ఆ మంచం కోళ్ల కిందనే ఉన్నాయి. జరిపినా చప్పుడు రాదు.

"ఇల్లు ఒక్కదానివే ఎట్ల సర్దుతున్నవు, నీ ముక్కు ఎప్పుడు పుస్తకంలనే ఉండె" అని అడిగారు. నిజమే. అమ్మ పని చేస్తుంటే నేను ఎన్నడూ తలెత్తి చూడలేదు. అందుకే ఇంకా తప్పులు చేస్తున్నాను. అమ్మ సంవత్సరీకానికి సున్నాలు వేయించాలని ముందు గదిలో గోడ తడిబట్టతో తుడిచాను. గోడంతా నల్లగా చారలు కట్టింది. పక్క క్వార్టర్ సారవ్వ గడపలో నిలబడి నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏందే పిల్లా, గోడకు సిరా పూసినవా? బొగ్గుకు నీళ్లు సూపెడితె సిరానే అయితది. మీ అమ్మ ముందుగాల పొడిబట్ట పట్టేది. గంత సదివినవు, గిది సదువలేదా?"

చదవలేదు. ఇప్పుడు వచ్చేసింది. ముందు పొడిబట్ట, తర్వాత తడిబట్ట, మళ్లీ పొడిబట్ట. ఫ్యాను రెక్కలు మొదట, నేల ఆఖరున, ఎందుకంటే దుమ్ము పైనుంచి కిందికే దిగుతుంది. ఊడవడం మాత్రం రెండున్నర దాటాకే. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయ్యి, లేచిన దుమ్ము కిందికి దిగిన తర్వాత చీపురు పట్టాలి. అంతకు ముందు ఊడిస్తే ఒకే ఇల్లు రెండుసార్లు ఊడ్చినట్టు. అన్న డ్యూటీ బట్టలు వేరే టబ్బులో, వెనక మేకుకే. లోపలికి రానివ్వను. ఒకసారి మరిచిపోయి నా తెల్ల చున్నీ అందులోనే వేశాను. అదిప్పుడు తుడిచే బట్ట అయింది. దానితోనే కిటికీలు తుడుస్తున్నాను.

సున్నాల కోసమని వంటింట్లో గిన్నెల స్టాండు ఖాళీ చేశాను. దాని గురించి మీకు రాయాలి.

ఒక్కో పళ్లెం తీస్తుంటే రెండు పళ్లేల మధ్య ఒక బట్ట. గ్లాసుల కింద బట్ట. గిన్నెకూ గిన్నెకూ నడుమ బట్ట. అన్నీ చేరదీస్తే ముప్పై ఒకటి తేలాయి. అన్నీ అమ్మ పాత చీరలే, అంచులు మడిచి కుట్టినవి. ఆ ఆకుపచ్చది నా పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు కట్టుకున్నది. బంతిపువ్వు రంగుది రమక్క పెండ్లిలో మీరు పెట్టింది. ఆమె ఏ చీర ఎప్పుడు కట్టడం మానేసిందో నాకు తెలియదు. ఎక్కడికి పోయిందో మాత్రం ఇప్పుడు తెలిసింది.

తలుపు బందులకు కొబ్బరినూనె వేసేది. గొళ్లానికి పీలిక చుట్టేది. రోలు కింద బెల్టు ముక్క, బిందె కింద చుట్టకుదురు. ప్రతి వస్తువుకూ ఒక చోటు. కళ్లు మూసుకుని చెయ్యి చాపినా అందాలి, వెతకొద్దు, వెతికితే చప్పుడవుతుంది. మన ఇల్లు శుభ్రంగా ఉండాలని ఆమె అట్లా సర్దిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు బాపూ. మీరు నిద్రపోవాలని సర్దింది. శుభ్రం దాని వెంట వచ్చింది.

బ్లాస్టింగ్ వేళకు ఆమె ఏం చేసేదో మీకు తెలియదు, అప్పుడు మీరు నిద్రలో ఉండేవారు. రెండుంబావుకే చేతిలో పని వదిలి వంటింట్లోకి వచ్చేది. స్టాండు మీద ఒక అరచెయ్యి, గోడ మీద ఒక అరచెయ్యి పెట్టి నిలబడేది. నేల అదిరేది, స్టాండు మాత్రం మోగేది కాదు. తర్వాత చేతులు దులుపుకుని మళ్లీ పనిలోకి పోయేది. నా ఇరవై ఆరేళ్లలో, ఆ వేళకు ఇంట్లో ఉన్న ప్రతిసారీ ఇదొక్కటి చూశాను.

మీ చెవులు మందగించాక కూడా మానలేదు. సారవ్వ ఊరుకుంటుందా?

"నీ మొగని పక్కకు డోలు కొట్టినా లేవడు, నువ్వు ఇంక పిల్లి తీర్గ నడుస్తవేందే?"

"చెవులు పోయినయి గని నిద్ర పోలే గదక్కా" అని అమ్మ నవ్వింది. "ఇంకొక్క నెలైతె నౌకరి నుంచి దిగిపోతడు. గా దినం సూడు, స్టాండు ముంగట నిలవడి గిన్నెలన్ని ఒక్కపారి కిందేస్త. కాలనీ అంత ఇనాలె."

ఆ నెల ఆమెకు దొరకలేదు. మీరు దిగిపోయిన వారానికే భివండి రైలెక్కారు.

బట్టలన్నీ ఉతికి ఆరేసి మళ్లీ ఎక్కడివి అక్కడ వేశాను. ఒక్క అర మాత్రం వదిలేశాను. గ్లాసుల అర. ఇప్పుడు బ్లాస్టింగ్ అయితే ఆ గ్లాసులు మోగుతాయి. ఇంకొక కొత్త అలవాటు కూడా చేసుకున్నాను. నా చేతిలోంచి ఏది జారినా గట్టిగా చెప్తాను, "ఏం లేదన్నా, గరిటె" అని. మొన్న దుప్పటి లోపలినుంచే అన్న అన్నాడు:

"చెల్లె, పుట్టినకాడికెల్లి నువ్వు గింత మాట్లాడంగ ఇనలే. గరిటెకు, గ్లాసుకు గూడ పేరు పేరున చెప్పాల్నా?"

"చెప్పాలె" అన్నాను. "నువ్వు ఊ అనాలె."

"ఊ" అన్నాడు, తిట్టినట్టు. ఇప్పుడు నిద్రలో కూడా అంటున్నాడు.

లైబ్రరీకి పోతున్నావా అని అడిగారు. పోవడం లేదు. తెచ్చిన పుస్తకాలు రెండూ తిరిగి ఇచ్చేశాను. ఇంట్లో పనికే పొద్దు పోతోంది అని రాద్దామనుకున్నాను, కానీ అది నిజం కాదు.

ఇక మీ ఉత్తరంలో ఆఖరి మాట. దాన్ని మరిచిపోయి ఇంతదాకా తేలేదనుకోకండి, దానికి జవాబు రాయాలనే కూర్చున్నాను. "సంవత్సరీకానికి నేను రాను. పిలిస్తె వినని చెవులు వెట్టుకోని ఆమె ఫోటో ముంగట ఎట్ల నిలవడాలె? మీరే చేసుకోండ్రి" అని రాశారు. అన్నకు చదివి వినిపించాను. డ్యూటీకి బూట్లు కట్టుకుంటున్నవాడు కట్టుకోవడం ఆపాడు.

"బాపు లేకుంట నేను పీట మీద కూసోను. గట్లనే రాయి" అన్నాడు.

అట్లనే రాస్తున్నాను. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

బాపూ, అమ్మ పిలవలేదు.

పిలిచిందన్న మాట సారవ్వది. అమ్మను దవాఖాన నుంచి తెచ్చిన రోజు అరుగు మీద కూర్చుని, "ఎంత మొత్తుకున్నదో ఏమో పాపం, గోడవతల పండుకున్నోనికి వినరాకపాయె" అని ఏడ్చింది. చెడు మనసుతో అనలేదు, ఏడుపులో అన్నది. కానీ ఈ కాలనీలో మీకు బాగా వినిపించే గొంతు ఆమెదొక్కటే. ఆ మాట మీరు పట్టుకున్నారు. అది జరిగినప్పుడు సారవ్వ ఇంట్లోనే లేదు, కూరగాయలకు బజారుకు పోయింది. ఆమె ఏదీ వినలేదు.

జరిగింది ఇదీ. మీరు రాత్రి డ్యూటీ దిగి వచ్చి, తిని, తొమ్మిదింటికి పడుకున్నారు. రెండు గంటలప్పుడు వెనకాల అంట్లు తోమే గద్దె దగ్గర ఒక స్టీలు గ్లాసు కింద పడింది. ఒక్కసారి మోగి ఆగిపోయింది. ఆ తర్వాత కేక లేదు. మీ పేరు లేదు, నా పేరు లేదు. ఆమెకు గొంతు రాలేదో, మీరు లేస్తారని రానివ్వలేదో నాకు తెలియదు. ఆ తర్వాత మూడు రోజులూ ఆమెకు మాట లేదు, అడగడానికి వీల్లేకపోయింది. కానీ పిలవలేదు. మీ చెవులు పాతికేళ్ల కిందటివైనా ఆ గ్లాసు తప్ప మీకు వినపడేది ఏమీ లేదు. గ్లాసు పడితే మన ఇంట్లో ఎవరూ లేవరు. ఎవరి చేతిలోంచి పడితే వాళ్లే ఎత్తి బోర్లిస్తారు. చప్పుడు లేదంటే అంతా బాగున్నట్టే, మన ఇంట్లో పెరిగినవాళ్లకు అదే తెలుసు.

రెండున్నరకు బ్లాస్టింగ్ అయింది. స్టాండు మొత్తం గలగలలాడింది. అన్ని బట్టలు వేసినా మోగింది. పట్టుకునే చెయ్యి అక్కడ లేదని అప్పుడు తెలిసింది. అప్పటికి అరగంట గడిచింది.

మీ బొటనవేలు పట్టి లేపింది నేనే, మీకు గుర్తుంటుంది. మీరు లేచి ఆమెను రెండు చేతులతో ఎత్తుకుని ఆటో దాకా నడిచారు. అప్పుడే బజారు నుంచి వస్తున్న సారవ్వ సంచి కింద పడేసి ఉరికి వచ్చింది. "నువ్వు లైబ్రరీల నుంచి ఎప్పుడొచ్చినవే?" అని అడిగింది. రోజూ ఆ వేళకు నేను అక్కడే ఉండేదాన్ని కదా. "ఇప్పుడే" అన్నాను. అందరూ అదే అనుకున్నారు, మీరు కూడా.

ఆ ఒక్క మాట అని ఊరుకున్నాను, మీరు ఏడాదిగా మీ చెవులను తిట్టుకుంటూ ఊరుగాని ఊళ్లో కూర్చున్నారు. మీరు ఉత్తరం రాసినప్పుడల్లా ఈ పేజీ రాయాలనుకున్నాను. ప్రతిసారీ ముందుగా ఇల్లు తుడిచాను. తుడవడానికి ఇంక ఏమీ మిగల్లేదు బాపూ.

సున్నాలవాళ్లు మంగళవారం వస్తారు. మీరు అడిగిన కళ్లద్దాల డబ్బా మీరు పెట్టిన చోటే ఉంది, గూట్లో ఎడమ పక్క. మీ దండెం ఖాళీగానే ఉంచాను. మీ గ్లాసు స్టాండులో మొదటి వరసలో బోర్లించి ఉంది, దాని కింద బట్ట లేదు. పగలు అన్న పడుకున్నాక ఇల్లంతా ఊడ్చి కూర్చుంటే, ఎంత సర్దినా ఇద్దరు మనుషుల జాగా మిగిలిపోతోంది. ఒకటి నిండేది కాదు. రెండోది మీది.

ఇది చదివాక మీకు కోపం వస్తే ఇక్కడికి వచ్చి కోప్పడు. రా బాపూ. అన్న పక్కన పీట మీద కూర్చో. పిలవకపోవడానికి ఆమెకు నీ నిద్రే కారణమై ఉంటుంది, నీ చెవులు కావు.

రమక్కకు, బావకు దండాలు చెప్పండి. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
మీ జవాబు కోసం కాదు, మీ కోసం చూసే
మీ చిన్నబిడ్డ.

గ్లాసు సంగతి నీకెట్ల తెలుసని అడుగుతారు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం లైబ్రరీకి సెలవు. నేను ముందు గదిలో పుస్తకం చదువుతున్నాను.