ఎల్దోకి సన్మానం

సాకేత్, మార్చి 4

తెలుగు మిత్రమండలి కార్యదర్శి చెన్నకేశవులు గారికి, నథానియేలు నమస్కరించి రాయునది.

వాట్సాప్‌లో అడిగితే కాగితం మీద పెట్టమన్నారు, పెడుతున్నాను. 22వ తేదీ ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మన హాలూ, ప్రొజెక్టరూ ఇప్పించండి. ఒక మలయాళం సినిమా వేసుకోవాలి. ఇద్దరు ఫుట్‌బాల్ స్నేహితులు ఒక మాట దగ్గర విడిపోయి, చివరి అరగంటలో కలుస్తారు. నాతో ఆస్పత్రిలో పనిచేసే కేరళ స్నేహితుడు ఎల్దోకి అది చూపించాలి. నేనూ ఆడే మా ఆస్పత్రి టీముకి అతనే గోల్‌కీపరు. ఫైనల్లో బంతి వదిలేశాడని అందరి ముందూ నోరు పారేసుకున్నాను. ఎనిమిది నెలలుగా ఒకే వార్డులో ఉంటున్నా మాటల్లేవు. ఆ మర్నాడే, సోమవారం, ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోతున్నాడు. నేను పిలిస్తే రాడు, మండలి పిలిస్తే కాదనడు. క్షమించమనడానికి నాకు నోరు రావట్లేదు. నా బదులు ఆ సినిమా అడుగుతుందని ఆశ.

మీ నథానియేలు

తా.క. చూసేది ఇద్దరమే. కుర్చీలు రెండు చాలు.

సాకేత్, మార్చి 8

చిరంజీవి నథానియేలుకు ఆశీస్సులు.

మలయాళ సినిమా ప్రముఖులు ఎల్దో గారు మన పక్కనే ఉంటున్నారని మీ ఉత్తరం వల్ల తెలిసి కార్యవర్గం పొంగిపోయింది. ఆ ఆదివారమే మన ఉగాది సభ. అందులోనే వారికి ఘన సన్మానం చేస్తున్నాం. నేనే స్వయంగా వెళ్లి హిందీలో ఆహ్వానించాను. గోల్‌కీపరు మీరేనా అంటే తల దించుకున్నారు. ఎంత వినయం!

చెన్నకేశవులు

తా.క. కుర్చీలు రెండొందలు చెప్పాం. మీరు సున్నాలు మర్చిపోయారు.

సాకేత్, మార్చి 12

కార్యదర్శి గారికి నమస్కారాలు.

అయ్యా, అతను సినిమావాడు కాదు, ఫిజియోథెరపీ చేస్తాడు. తల దించుకుంది వినయంతో కాదు, నేనన్న మాట గుర్తొచ్చి. సన్మానం వద్దు, శాలువా వద్దు. సినిమా మాత్రం పూర్తిగా వేయండి. మొదటి గంటంతా పోట్లాటే. మధ్యలో ఆపారంటే నా బతుకు అక్కడే ఆగిపోతుంది. మీకు దండం పెడతాను.

నథానియేలు

తా.క. కరపత్రంలో ఎల్దో పేరు కింద వేసిన ఫోటో నాది.

సాకేత్, మార్చి 17

చిరంజీవి నథానియేలుకు ఆశీస్సులు.

కరపత్రాలు ఐదొందలు పంచేశాం, ఇక మార్చలేం. పంచాంగ శ్రవణం తర్వాత స్నేహం గురించి నలుగురు వక్తలు మాట్లాడతారు. ముందుగా మీ పేరు తలుచుకుని మొదలుపెట్టమన్నాను. సమయం మిగిలితే మీ సినిమా పది నిమిషాలు వేస్తాం.

చెన్నకేశవులు

తా.క. పోట్లాట ఉన్న చోటే రంజుగా ఉంటుందని కోశాధికారి శశిధర్ అన్నారు. అదే ఖాయం చేశాం.

సాకేత్, మార్చి 24

కార్యదర్శి గారికి నమస్కారాలు.

సభ బాగా జరిగిందని అందరూ అంటున్నారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. నలుగురు పెద్దలూ నా పేరు చెప్పి, ఎల్దో వైపు తిరిగి, చేతులు జోడించి మూడు గంటలు మాట్లాడారు. ఆఖర్న సినిమాలో ఒకడు రెండోవాడి చెంప పగలగొట్టగానే హాలు టైమైపోయిందని లైట్లు వేశారు. అంతా అయిపోయిందనుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర శాలువాతోనే నిలబడి ఉన్నాడు ఎల్దో. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు, హిందీలో. "సారీ అని ఒక్క ముక్క నువ్వే అంటే సరిపోయేది కదా భాయ్. అంత పెద్దవాళ్లతో చేతులు జోడించి చెప్పించాలా?" అన్నాడు.

అతనికి తెలుగు రాదు. నా పేరూ, ఆ దండాలూ చూసి, అందరూ నా తరఫున క్షమాపణ చెబుతున్నారనుకున్నాడు. అవునని తలూపాను. అప్పుడు కూడా ఆ ముక్క నా నోట రాలేదు. మర్నాడు స్టేషన్‌కి వెళ్లి రైలెక్కించాను. ఇవాళ వార్డులో అతని కుర్చీ ఖాళీగా ఉంది. చాలా బాధగా ఉంది సార్.

నథానియేలు

తా.క. రైలు కదిలేటప్పుడు చెప్పాడు. ఆ రోజు బంతి కనపడకుండా అతనికి అడ్డం నిలబడింది నేనేనట. అందరి ముందూ చెబితే నా పరువు పోతుందని ఊరుకున్నాడట. దీనికి ఎంతమంది వక్తలు కావాలో మీరే చెప్పండి.